బెన్నీ సైకిలు, జేకబ్ మెట్లు

నేను మాంచెస్టర్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. మొదటి రెండేళ్ళూ శనాదివారాలంటే వంట, బట్టలు, ఇంటికి వీడియో కాల్, మిగిలిన టైములో నిద్ర. ఆఫీసులో నా పక్క సీటాయన మాత్రం ప్రతి సోమవారం మోచేతి మీదో మోకాలి మీదో కొత్త గాయంతో వచ్చేవాడు. యాభై దాటినాయన, పెద్దగా మాట్లాడడు. ఏమైందండీ అంటే "జేకబ్స్ లాడర్" అని నవ్వేసి మళ్ళీ కోడ్ రివ్యూలో పడిపోయేవాడు. అదేదో పబ్బు పేరనుకున్నాను చాలా రోజులు!

పబ్బు కాదు. కొండ దారి. ఇంగ్లండులో పీక్ డిస్ట్రిక్ట్ అనే ప్రాంతంలో, హేఫీల్డ్ అనే ఊరి నుంచి ఎడేల్ అనే ఊరికి కొండ మీదుగా పోయే గుర్రపు బాటలో అదొక భాగం. మౌంటెన్ బైకుల వాళ్ళకి అదో పరీక్ష లాంటిది. హేఫీల్డ్‌లో బయల్దేరి, కొండెక్కి, జేకబ్స్ లాడర్ దిగి, ఎడేల్ లోయలోంచి ఇంకో కొండెక్కి తిరిగి హేఫీల్డ్ చేరితే మొత్తం పాతిక కిలోమీటర్ల లెక్క. "ఓస్, పాతికేనా" అని నేనూ అనుకున్నాను. ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉన్న ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. మా గుంటూరు రూమ్మేటు ఇంకోటి అద్దెకు తీసుకున్నాడు. సెప్టెంబర్లో ఒక ఆదివారం బయల్దేరాం.

మూర్‌ల్యాండ్ అంటే మనకి సరైన మాట లేదు. మన్యం అందామంటే చెట్లుండవు. గుండ్రటి పెద్ద కొండలు, మోకాలెత్తు హెదర్ పొదలు, వాటికింద పీట్ అనే నల్లటి మెత్తటి మట్టి. వేల ఏళ్ళు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయిన నాచూ గడ్డీ అది. కాలు పెడితే పిక్కదాకా దిగిపోతుంది. గాలి మాత్రం మనిషిని తోసేసేంత. కిండర్ స్కౌట్ అనే ఇక్కడి పెద్ద కొండ ఎత్తు 636 మీటర్లే. మన అరకు కొండల ముందు పిల్లకొండ. కానీ దాని మీద నిలబడితే ఎత్తు గురించి ఆలోచన రాదు, దిక్కు తెలియడం లేదే అన్న ఆలోచన వస్తుంది.

హేఫీల్డ్ నుంచి పైకి బాట రెండు రాతి గోడల మధ్య నుంచి పోతుంది. నేల మీద పుచ్చకాయలంత రాళ్ళు, వదులుగా. పెడల్ గట్టిగా తొక్కితే వెనక చక్రం జారుతుంది, మెల్లగా తొక్కితే బండి ఆగిపోతుంది. సగం దూరం దిగి తోసుకుంటూ పోయాం. "ఒరేయ్, ఇది సైకిల్ తొక్కడమా, సైకిల్ మోయడమా?" అన్నాడు మావాడు. వాడి మాటలో న్యాయముంది.

సుమారు 540 మీటర్ల ఎత్తున, కనుమ దగ్గర, ఎడేల్ క్రాస్ అని ఒక పొట్టి రాతి శిలువ ఉంది. మధ్యయుగాల్లో రాజుగారి వేట అడవికి హద్దురాయి. ఎప్పుడో పడిపోతే 1810లో చుట్టుపక్కల రైతులు మళ్ళీ నిలబెట్టి ఆ సంవత్సరాన్ని చెక్కారు. అది దాటి కొంచెం ముందుకెళ్తే ఎడమచేతి వైపు ఒక చక్కటి బాట పైకి పోతోంది. కిండర్ పీఠభూమి మీదికి, అక్కణ్ణించి డౌన్‌ఫాల్ అనే జలపాతం దగ్గరికి. ఇంతదూరం వచ్చాక జలపాతం చూడకుండా ఎలా? సైకిళ్ళు అటు తిప్పాం. ఒక ఐదు నిమిషాలు తొక్కామో లేదో, ఎదురుగా చేతికర్రలతో వస్తున్న ఒక పెద్దాయన ఆగి చాలా మర్యాదగా చెప్పాడు. ఇది కాలిబాట, ఇక్కడ సైకిళ్ళకి హక్కు లేదు, మీరు వచ్చిన బాట గుర్రపు బాట, దాని మీద మీకు హక్కుంది, దయచేసి అటే పోండి అని.

సారీ చెప్పి వెనక్కి తిరిగాం. కానీ నాకు మనసులో గిలిగా ఉండిపోయింది. ఎందుకంటే పొద్దున బౌడెన్ బ్రిడ్జి దగ్గర మేం బయల్దేరిన పాత రాతి క్వారీలో గోడకి ఒక ఫలకం ఉంది. 1932లో ఈ కొండల మీద సామాన్యుడికి నడిచే హక్కు కోసం జనం ఇక్కడినుంచే బయల్దేరారని. దాని ముందు ఫొటో దిగి మరీ బయల్దేరాం. హక్కు వచ్చిందనుకున్న కొండ మీదే హక్కు లేదన్నాడాయన. ఎవరి మాట రైటు?

ఇంటికొచ్చాక ఆ గిలి తీర్చుకోడానికి చదవడం మొదలుపెట్టాను. రెండూ రైటే.

ఈ కొండలు ఒకప్పుడు ఊరుమ్మడి బీళ్ళు. గొర్రెలు మేపుకోవడం, పొయ్యిలోకి పీట్ తవ్వుకోవడం. 19వ శతాబ్దం తొలి సగంలో కంచెలు వేసి పంచేశారు. పంపకం అంటే తెలుసుగా, ఉన్నవాళ్ళకే. తర్వాత గ్రౌస్ అనే కోడిజాతి పిట్టల వేట పెద్దమనుషుల వినోదమైంది. ఆగస్టు 12న మొదలయ్యే ఆ వేట కోసం ఏడాది పొడుగునా కాపలా. గేమ్‌కీపర్లు అనే కాపలావాళ్ళు, కర్రలు, కుక్కలు. ఒకపక్క మాంచెస్టర్, ఇంకోపక్క షెఫీల్డ్. మధ్యలో ఈ కొండలు. వారమంతా మిల్లు పొగ పీల్చిన కార్మికుడికి ఆదివారం కనిపించే ఒకే ఒక్క పచ్చటి ఆశ. ఎక్కడ చూసినా "అతిక్రమిస్తే ప్రాసిక్యూట్ చేస్తాం" అన్న బోర్డు. ఇందులో తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు చట్టంలో ఊరికే పరాయి నేల మీద నడవడం నేరం కాదు, సివిల్ తగాదా మాత్రమే. ఆ బోర్డు ఒట్టి బెదిరింపు!

బెన్నీ రోథ్‌మన్ అని ఇరవై ఏళ్ళ కుర్రాడు. యూదుల కుటుంబం, మోటారు మెకానిక్కు, అప్పటికి ఉద్యోగం పోయింది. లాంకషైర్‌లో అప్పుడు చాలామందికి పోయింది. అన్నట్టు, 1931 సెప్టెంబర్లో గాంధీగారు ఇదే లాంకషైర్‌లో డార్వెన్ దగ్గరికి వచ్చి, మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ కూడా తగిలిన మిల్లు కార్మికుల మధ్య బస చేశారు. ఏడు నెలల తర్వాతి కథ ఇది. బెన్నీకి కొండలంటే పిచ్చి. చిన్నప్పుడు పాత విడిభాగాలు పోగేసి తనే ఒక సైకిల్ కట్టుకుని వేల్స్ కొండలదాకా తొక్కాడట.

1932 ఈస్టర్‌కి బెన్నీ మిత్రుల్ని ఈ పక్కనే బ్లీక్‌లో అనే కొండ మీద కీపర్లు వెనక్కి తరిమేశారు. పదిమందిని తరమగలరు, వందలమందిని తరమలేరు కదా అన్నది వాళ్ళ లాజిక్. ఏప్రిల్ 24 ఆదివారం కిండర్ మీదికి పోదాం రండి అని పిలుపిచ్చారు. దాపరికం లేదు, పత్రికకే చెప్పేశారు. బెన్నీని ఆపడానికి కోర్టు ఉత్తర్వు పట్టుకుని మాంచెస్టర్ రైల్వే స్టేషన్లో కాపు కాశారు. బెన్నీ రైలెక్కితే కదా! మిత్రుడొకడితో కలిసి సైకిల్ తొక్కుకుంటూ హేఫీల్డ్ చేరిపోయాడు.

ఈ ఒక్క సంగతి చదివాక నేను కాసేపు లాప్‌టాప్ మూసేశాను. సరే, దానికి మళ్ళీ వస్తాను.

ఆ రోజు వచ్చినవాళ్ళు 400 మందని ఒక లెక్క, ఎక్కువేనని ఇంకో లెక్క. రావాల్సిన వక్త రాకపోతే క్వారీలో రాయెక్కి బెన్నీయే మాట్లాడాడు. తర్వాత విలియం క్లఫ్ అనే వాగు వెంట నడిచి, ఒకచోట బాట వదిలేసి కొండ పక్కకి ఎగబాకారు. కీపర్లు అడ్డొచ్చారు, తోపులాట జరిగింది, ఒక కీపరుకి కాలు మడమ దెబ్బతింది. షెఫీల్డ్ వైపు నుంచి వచ్చినవాళ్ళని పైన కలుసుకుని దిగిపోయారు. నిజానికి శిఖరం దాకా ఎవరూ పోలేదు! కిందికొచ్చేసరికి పోలీసులు. మొత్తం ఆరుగురి మీద కేసు. ముందే చెప్పినట్టు అతిక్రమణ నేరం కాదు కాబట్టి అల్లరి మూక, దాడి లాంటి సెక్షన్లు పెట్టారు. జూలైలో డర్బీ కోర్టులో అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు. బెన్నీకి నాలుగు. నడక సంఘాల పెద్దలే అప్పట్లో ఈ కుర్రాళ్ళని తిట్టారు, మేం మర్యాదగా చేస్తున్న రాయబారం చెడగొట్టారని. జైలు శిక్షలు విన్నాక మాత్రం జనం తిరగబడ్డారు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను, ఎక్కడైనా దొరుకుతుంది. 1949లో నేషనల్ పార్కుల చట్టం. 1951లో దేశంలోనే మొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్. 1982లో కిండర్ కొండ నేషనల్ ట్రస్టు చేతికి. 2000లో వచ్చిన చట్టం మూర్‌ల మీద, కొండల మీద బాట ఉన్నా లేకపోయినా నడిచే హక్కు ఇచ్చింది. ఇంగ్లండు నేలలో సుమారు 8 శాతం. బెన్నీ 2002 జనవరిలో తొంభై ఏళ్ళకి పోయాడు, చట్టం చూసే పోయాడు. ఆ ఏప్రిల్‌లో, డెబ్భయ్యేళ్ళ సభలో, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ తన తాత చేసింది తప్పని జనం ముందు క్షమాపణ చెప్పాడు.

నడిచే హక్కు. చట్టంలో మాట అదే. సైకిల్ తొక్కే హక్కు అందులో లేదు, స్పష్టంగా మినహాయించారు. అంటే ఏ కుర్రాడైతే పోలీసుల కళ్ళుగప్పి సైకిల్ మీద వచ్చి ఈ కొండ తలుపు తెరిచాడో, ఆ సైకిలుకి మాత్రం ఆ కొండ మీద ఇప్పటికీ ప్రవేశం లేదు. మమ్మల్ని ఆపిన పెద్దాయన నూటికి నూరుపాళ్ళు రైటు.

మరి పక్కనే ఉన్న గుర్రపు బాట మీద ఎందుకు ఉంది? ఇది ఇంకా విచిత్రం. సైకిలు కొత్తగా వచ్చినప్పుడు అదేమిటో కోర్టులకి అర్థం కాలేదు. 1879లో ఒకాయన లండన్‌లో మజ్వెల్ హిల్ మీంచి సైకిల్ని దౌడు తీయించాడు. "బండిని అతివేగంగా తోలడం" అన్న నేరం కింద పట్టుకుంటే, ఇది బండి కాదు మొర్రో అన్నాడు. బండే అన్నారు జడ్జీలు. 1888 చట్టంలో ఆ మాటే రాసేశారు. రోడ్డు మీద సైకిలు దర్జాగా తిరగొచ్చు. కానీ బండి అన్నాక గుర్రపు బాట మీద, కాలిబాట మీద పోవడానికి లేదు. ఒకచోట పరిష్కరించిన బగ్గు ఇంకోచోట బయటపడడం అంటే ఇదే.

జనం ఊరుకుంటారా? 1919లోనే వేఫేరర్ అన్న కలంపేరుతో ఒకాయన వేల్స్‌లో మంచు కొండల మీదుగా సైకిల్ మోసుకుపోయి పత్రికలో రాశాడు, కుర్రకారు వెర్రెత్తిపోయారు. 1955లో రాళ్ళదారుల సైకిలిస్టులు ఒక సంఘమే పెట్టుకున్నారు, రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అని. గేర్లు అంతంత మాత్రం, సస్పెన్షన్ లేదు, నిక్కర్లు, టైలు, ఫ్లాస్కులో టీ. కాలిఫోర్నియా కుర్రాళ్ళు మౌంటెన్ బైకు కనిపెట్టామనడానికి ఇరవయ్యేళ్ళ ముందు!

చివరికి 1968 గ్రామీణ ప్రాంతాల చట్టంలో, 30వ సెక్షన్‌లో, సైకిళ్ళు గుర్రపు బాట మీద పోవచ్చన్నారు. రెండు షరతులు. నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారివ్వాలి. రెండోది నాకు భలే నచ్చింది: సైకిళ్ళకి అనువుగా బాట బాగుచేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. ఫీచర్ రిలీజ్ చేశాం, సపోర్ట్ టికెట్లు రైజ్ చెయ్యకండి అన్నట్టు :) అప్పటికి మౌంటెన్ బైకు పుట్టనే లేదు. ఏ తాతగారో నింపాదిగా తొక్కుకుంటూ పోతాడనుకుని రాసిన ఆ నాలుగు వాక్యాల మీదే ఈరోజు ఇంగ్లండులో ఈ ఆట దాదాపు మొత్తం నడుస్తోంది. కాలిబాటలూ గుర్రపు బాటలూ అన్నీ కలిపితే సైకిలుకి హక్కున్నవి అయిదో వంతు కాస్త పైన. పక్కనే స్కాట్లండులో 2003 చట్టంతో బాధ్యతగా ఉంటే సైకిల్ మీద కూడా దాదాపు ఎక్కడికైనా పోవచ్చు.

సరే, మళ్ళీ కొండ మీదికి. వెనక్కి తిరిగి గుర్రపు బాట పట్టుకున్నాం. ఇక దిగుడే.

ఈ బాట మీద సైకిలుకి హక్కు రావడానికి కారణం ఇది గుర్రాలది కావడం. గుర్రాలది ఎందుకయింది? పెరికె గుర్రాలు. చెషైర్ గనుల ఉప్పు, ఉన్ని, జున్ను బస్తాల్లో కట్టి గుర్రాల వరస మీద కొండ దాటించేవాళ్ళు. మన లంబాడీలు కోస్తా ఉప్పుని పెరికె ఎద్దుల మీద పైకి మోసినట్టే. 18వ శతాబ్దంలో ఇక్కడ ఎడేల్ హెడ్ అనేచోట జేకబ్ మార్షల్ అనే రైతు కాపురముండేవాడు. నిట్రంగా ఉన్నచోట ఆయన మెట్లు చెక్కాడు. గుర్రం వంకరటింకర చుట్టు దారిలో మెల్లగా ఎక్కుతుంటే తను మెట్లమీంచి అడ్డంగా పైకి పోయి, కూర్చుని చుట్ట ముట్టించి, అది వచ్చేదాకా చూసేవాడట. బైబిల్లో జేకబు కలగన్న స్వర్గపు నిచ్చెన పేరు సరదాగా తగిలించారు. ఇప్పటికీ అంతే: మెట్లు నడిచేవాళ్ళవి, చుట్టు దారి గుర్రాలదీ, వాటి వారసులుగా మాదీ.

చుట్టు దారి కదా, సులువనుకునేరు. పై భాగంలో రాళ్ళు మెట్లుమెట్లుగా లేచి ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ అవి వదులై గుట్టలుగా దొర్లుతుంటాయి. వాన నీటిని పక్కకి మళ్ళించడానికి అడ్డంగా నిలబెట్టిన పలకరాళ్ళు వేరే. సీటు దించి, బరువు వెనక్కి వేసి, బ్రేకు ఒక్క వేలితో పట్టుకోవాలని ఆఫీసాయన చెప్పాడు. నేను భయంతో నాలుగు వేళ్ళూ బిగించాను. మూడో పలకరాయి దగ్గర ముందు చక్రం ఆగింది, నేను ఆగలేదు. అరచేయి చర్మం లేచింది, రిముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు. మావాడు మాత్రం మొత్తం తోసుకుంటూ దిగి, చెక్కుచెదరకుండా కింద చిన్న రాతి వంతెన మీద కూర్చున్నాడు. అదీ పెరికె గుర్రాల వంతెనే. బస్తాలు తగలకూడదని ఇలాంటి వంతెనలకి పిట్టగోడలు పొట్టిగా కట్టేవాళ్ళు. కాళ్ళు వేలాడేసుకుని అరటిపండు తింటున్నాడు.

ట్యూబు మారుస్తుంటే వాడన్నాడు, మా ఊళ్ళో డొంక ఇలాగే ఉండేదిరా అని. మా గోదావరి వైపు పుంత అంటాం. మా ఊరి పుంత నా చిన్నప్పుడు రెండు బళ్ళు తప్పుకునేంత వెడల్పు. అటొకాయన ఇటొకాయన ఏడాదికో చాలు కలుపుకుంటూ వచ్చారు, ఇప్పుడు మోటార్‌సైకిల్ పోతే గొప్ప. నక్షాలో మాత్రం పూర్తి వెడల్పు ఉంటుంది. నక్షాలో ఉండబట్టే ఎప్పుడైనా సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి అడగడానికి వీలుంటుంది.

ఇక్కడ ఆ తగాదా ఇప్పటికీ నడుస్తోంది. 1949 చట్టం ప్రతి కౌంటీని బాటల నక్షా తయారుచెయ్యమంది. గీసినవాళ్ళు చాలాచోట్ల పాత గుర్రపు బాటల్ని కాలిబాటలుగా రాసేశారు, కొన్ని అసలు రాయనే లేదు. రికార్డుకెక్కని పాత బాటల మీద హక్కులు 2026తో సరి అని 2000 చట్టం గడువు పెట్టింది. తర్వాత దాన్ని 2031కి జరిపారు. 2024 చివర్లో ప్రభుత్వం అసలు గడువే ఎత్తేస్తామని ప్రకటించింది. ఈలోగా పాత ఎన్‌క్లోజర్ పటాలు, దశమభాగం పన్నుల పటాలు ముందేసుకుని సాయంత్రాలు దుమ్ము దులుపుతున్న వాలంటీర్లు ఊరూరా ఉన్నారు. మా ఆఫీసాయన వాళ్ళలో ఒకడట! నాలుగేళ్ళుగా పక్కన కూర్చుంటున్నా నాకు తెలియదు.

రెండో వైపు కూడా చెప్పాలి. పీట్ మీద టైరు గాటు పడితే నీళ్ళు అందులోంచే పారి కోసుకుంటూ పోతాయి. మాంచెస్టర్, షెఫీల్డ్ పొగగొట్టాల ఆమ్ల వానలకి ఇక్కడి నాచు ఒకసారి చచ్చిపోయింది. 2003 నుంచీ ఒక సంస్థ ఉమ్మడిగా డబ్బు తెచ్చి, నాచు నాటి, గండ్లకి కట్టలు వేసి ఆ కొండని బతికిస్తోంది. ఆ మట్టి మీద ఎవడు పడితే వాడు తొక్కొచ్చు అనడానికి నాకూ నోరు రాదు. కానీ నడిచేవాళ్ళ బూట్లకి కూడా పెన్నైన్ వే బాట ఒకప్పుడు రోడ్డంత బురద కాలవ అయింది. అప్పుడు జనాన్ని ఆపెయ్యలేదు, పాత మిల్లుల పలకరాళ్ళు తెచ్చి పరిచారు. సైకిలుకి కూడా అక్కడొకటి ఇక్కడొకటి గట్టి బాటలు తెరవడం చెయ్యలేని పనేమీ కాదని నా అభిప్రాయం.

బాగుచెయ్యడం అంటే గుర్తొచ్చింది. ఎడేల్ నుంచి తిరుగుదారిలో రషప్ ఎడ్జ్ అనే గట్టు ఉంది. 2014లో కౌంటీ వాళ్ళు అక్కడి రాతి మెట్ల మీద కంకర పోసి చదును చెయ్యబోతే సైకిలిస్టులు, గుర్రాలవాళ్ళు, నడిచేవాళ్ళు కలిసి వెళ్ళి నిరసన చేశారు, పని మధ్యలో ఆగిపోయింది. రోడ్డు వెయ్యమని ధర్నాలు చూశాం గానీ, గతుకులు పూడ్చొద్దని ధర్నా నేనెక్కడా వినలేదు. ఆరోజు సాయంత్రం నాలుగింటికి, ఒక అరచేతికి రుమాలు కట్టుకుని ఆ కంకర మీదుగా తొక్కుతున్నప్పుడు మాత్రం, ఇంకో నాలుగు లారీలు పోసుంటే వీళ్ళ సొమ్మేం పోయేది అనిపించింది :)

హేఫీల్డ్ చేరేసరికి చీకటి పడుతోంది. వచ్చే నెలలో మళ్ళీ పోవాలనుకుంటున్నాం. ఈసారి సైకిళ్ళు క్వారీలో ఆ ఫలకం పక్కనే గొలుసేసి కట్టేసి, విలియం క్లఫ్ వెంట నడిచి, ముందు ఆ జలపాతం చూసొస్తాం. మావాడు అప్పుడే ఒక షరతు పెట్టాడు: దిగాక సైకిలెక్కమని అడక్కూడదట.